నమ్‌పై 2: పీణ్య షెడ్డు మీద నుంచి ఒక రివ్యూ

ముందే చెబుతున్నా, నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరును కాను. మోటార్లు, పంపులు, గేర్‌బాక్సులు ఎంత అదురుతున్నాయో కొలిచి, ఏ బేరింగు పోయేలా ఉందో ఫ్యాక్టరీవాళ్లకు ముందుగా చెప్పడం మా పని. బెంగళూరు పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో కింద లేత్ మిషన్ల షెడ్డు, దాని పైన మా ఆఫీసు. మొత్తం ఏడుగురం. నాది హిందూపురం. పైన ముగ్గురం తెలుగువాళ్లం, కింద షెడ్డులో సగం మంది అనంతపురం జిల్లావాళ్లే. అందుకే పొద్దున కన్నడలో మొదలైన మాటలు టీ టైముకి తెలుగులోకి దిగిపోతాయి.

సెన్సార్ పంపే అంకెలతో లెక్కలు కట్టేది నేను పైథాన్‌లో రాసుకున్న ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాముకి పునాది నమ్‌పై. లక్షల అంకెలను ఒక వరసలో పెట్టుకుని ఒక్క ఊపున కూడడం, హెచ్చవేయడం, ఆ అదురులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో విడదీయడం దాని పని. పైసా ఖర్చు లేదు. సైన్సు లెక్కల సైపై, పట్టికల పాండాస్, గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లాంటి లైబ్రరీలు (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ ప్రోగ్రాముల మూటలు) అన్నీ దాని మీదే నిలబడ్డాయి. అంతకుముందు న్యూమెరిక్ అని ఒకటి, హబుల్ టెలిస్కోపు డేటా చూసుకునే స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేసుకున్న నమ్అర్రే అని ఇంకొకటి, రెండు కాపురాలు ఉండేవి. ట్రావిస్ ఆలిఫాంట్ రెంటినీ కలిపి నమ్‌పై చేశాడు. 1.0 వచ్చింది 2006లో. 2.0 వచ్చింది 2024 జూన్ 16న. మధ్యలో ఆ మొదటి అంకె పద్దెనిమిదేళ్లు కదల్లేదు.

2 సిరీస్‌ను ఏడాదికి పైగా రోజూ వాడాక ఇది రాస్తున్నాను. ఫీచర్ల పట్టిక కావాలంటే రిలీజ్ నోట్స్ ఉన్నాయి. నేను రాసేది ఎక్కువగా వాళ్ల ప్లానింగు గురించి. వచ్చే రిలీజులో ఏం పెట్టాలి, ఏం తీసెయ్యాలి, ఎవరిని వదిలెయ్యాలి అని వాళ్లు తేల్చుకునే తీరు మాలాంటి చిన్న షాపును ఎక్కడెక్కడ తాకిందో చెబుతాను.

మొదట మా పరువు పోయిన కథ.

మా కర్నూలు కుర్రాడు కొత్త ల్యాప్‌టాప్‌లో అన్నీ ఇన్‌స్టాల్ చేశాడు. ఏ వెర్షనో రాయకుండా ఉత్త పేరు కొట్టాడు, తాజాది దిగింది. మర్నాడు ఒక పంపు రీడింగు తీసుకొచ్చి, "ఏందక్కా ఇది, పీకు మైనస్‌లో వచ్చింది" అన్నాడు. పీక్ అంటే అదురులో అన్నిటికన్నా పెద్ద విలువ, అది మైనస్ ఎలా అవుతుంది? తీగ తిరగేసి పెట్టావేమో చూడమన్నా. చూశాడు. సెన్సార్ మార్చాడు. మళ్ళీ అదే అంకె: -14656.

నాకు రెండు గంటలు పట్టింది. సెన్సార్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే మా డేటా కార్డు నుంచి అంకెలు 16 బిట్లలో వస్తాయి, అంటే -32768 నుంచి 32767 లోపు. అందులో పెద్ద దాన్ని తీసి, వెయ్యితో హెచ్చవేసి, తర్వాత కార్డు లెక్క ప్రకారం భాగించేలా 2013లో నేనే రాశాను. ఆ రోజు పీక్ 3000. వెయ్యితో హెచ్చిస్తే 30 లక్షలు. పాత నమ్‌పై ఇలాంటి విడి అంకెను వెయ్యితో హెచ్చవేసేటప్పుడు తనంతట తాను పెద్ద డబ్బాలోకి మార్చేది, సరైన జవాబు వచ్చేది. కొత్తది మార్చదు. 16 బిట్ల అంకెను మామూలు పైథాన్ అంకెతో కలిపితే జవాబు కూడా 16 బిట్లలోనే ఉండాలి అంటుంది. 30 లక్షలు అందులో పట్టవు. కొలతగిన్నె నిండి పొర్లిపోయాక అడుగున మిగిలినట్టు -14656 మిగిలింది.

ఇంకా భయపెట్టేది చెప్తా వినండి. పీక్ 3000 కాబట్టి మైనస్ వచ్చింది, దొరికింది. అదే పీక్ 5000 అయ్యుంటే? 50 లక్షలు పొర్లి 19264 మిగిలేది. ప్లస్‌లో, చూడ్డానికి బుద్ధిగా. పంపు బ్రహ్మాండంగా ఉందని రిపోర్టు ఇచ్చేసి ఇంటికి పోయేవాళ్లం.

తప్పు ఎవరిది? నాదే. కొత్త నమ్‌పై ఊరికే పొర్లిపోలేదు, ఓవర్‌ఫ్లో అని వార్నింగ్ ఇచ్చింది. స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు చూస్తే కస్టమర్లు టెన్షన్ పడుతున్నారని ఆ వార్నింగులన్నిటినీ నోరు మూయించే లైను ఎనిమిదేళ్ల కిందట ప్రోగ్రాము తలమీద పెట్టింది కూడా నేనే. కుర్రాడు మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. టీ మాత్రం ఆ రోజు నా లెక్కలో రాయించాడు.

ఇక్కడి నుంచే నాకు వాళ్ల ప్లానింగు మీద ఆసక్తి పుట్టింది. ఈ మార్పు ఎవరికో రాత్రి కలలో వచ్చింది కాదు. నమ్‌పైలో పెద్ద మార్పు చెయ్యాలంటే ముందు ఒక ప్రతిపాదన రాయాలి. వాటిని నెప్ అంటారు, ఒక్కోదానికి ఒక నంబరు. ఎందుకు మారుస్తున్నాం, ఎవరికి దెబ్బ తగులుతుంది, ఇంకే దారులు ఆలోచించి వద్దనుకున్నాం, అన్నీ అందులో ఉంటాయి. నన్ను దెబ్బకొట్టింది నెప్ 50. అది 2021 నుంచే అందరికీ కనపడేలా ఉంది. పాత 1 సిరీస్ చివరి వెర్షన్లలోనే కొత్త పద్ధతి ఆన్ చేసి, ఏం విరుగుతుందో చూసుకోవడానికి ఒక మీట కూడా పెట్టారు. మూడేళ్లు టముకు వేశారు. పీణ్యలో మాకు వినపడలేదు.

చదివితే న్యాయం వాళ్ల వైపే కనిపిస్తుంది. పాత పద్ధతిలో 3000 ఒంటరిగా ఉంటే వెయ్యితో హెచ్చించినప్పుడు సరైన జవాబు వచ్చేది. అదే 3000 ఒక వరసలో కూర్చుని ఉంటే 16 బిట్లలోనే ఉండిపోయి, వార్నింగ్ కూడా లేకుండా పొర్లిపోయేది. ఒకే సంతలో ఒకే వంకాయకి రెండు ధరలు! ఇన్నేళ్లూ నా ప్రోగ్రాము బతికింది అదృష్టం కొద్దీ అని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు రెండుచోట్లా ఒకటే రూలు. కొంచెం కటువైన రూలే, కానీ గుర్తుపెట్టుకోవచ్చు.

ఇలాంటి కటువైనవన్నీ ఒక్క రిలీజులోనే పోగేశారు. మెయిన్ మెనూలో ఉండే పేర్లలో సుమారు వందింటిని తీసేశారు, లేదా పక్కకు జరిపారు, లేదా త్వరలో తీసేస్తామన్నారు. ఒకే పనికి మూడేసి పేర్లు ఉండేవి. 'ఇది అంకె కాదు' అని చెప్పే 'నాన్' అనే గుర్తునే పెద్ద అక్షరాలతో ఒకలా, చిన్న అక్షరాలతో ఇంకోలా రాసుకునే వెసులుబాటు ఉండేది, ఇప్పుడు చిన్న అక్షరాలదే ఉంది. మా పాత ఫైళ్లలో ఇవన్నీ ఉన్నాయి. రఫ్ అనే ఉచిత పరికరంలో ఎన్‌పివై201 అనే రూలు ఆన్ చేస్తే చాలావరకు అదే వెతికి సరిచేసి పెడుతుంది. మాకు నలభై ఫైళ్లు, మధ్యాహ్నం భోజనం లోపు అయిపోయింది. అయితే ఆ పరికరం పేర్లు మారుస్తుంది గానీ నా -14656 లాంటివి పట్టుకోలేదు. అప్‌గ్రేడ్ చేసే ముందు ఈ తేడా తెలుసుకోండి.

పద్దెనిమిదేళ్లు ఆగి అన్నీ ఒకేసారి చెయ్యడం మంచిదా, ఏటా కొంచెం కొంచెం చెయ్యడం మంచిదా? నాకు మొదటిదే నచ్చింది. ఫ్యాక్టరీలో కూడా అంతే, షట్‌డౌన్ దొరికినప్పుడే బేరింగూ సీలూ కప్లింగూ ఒకేసారి మార్చేస్తాం. వారానికోసారి లైను ఆపితే మేనేజరు మమ్మల్ని గేటు దాకా రానివ్వడు.

ఆ షట్‌డౌన్‌కి అసలు కారణం ఇంకొకటి ఉంది. నమ్‌పై లోపల సీ భాషలో ఉంటుంది. దాన్ని పట్టుకుని పనిచేసే వేరే లైబ్రరీలు దాని లోపలి అమరికకు తగ్గట్టు ముందే కంపైల్ అయి, అంటే మిషన్ భాషలోకి మారి వస్తాయి. ఆ అమరిక మారిస్తే పాతవన్నీ ఆగిపోతాయి. అందుకే దాన్ని మార్చడానికి పెద్ద అంకె మారే రోజు కోసం ఆగారు. ఇక్కడ వాళ్లు చేసిన ఒక తెలివైన పని ఉంది: 2.0 మీద కంపైల్ చేసిన లైబ్రరీ పాత 1 సిరీస్ ఉన్న మిషన్‌లో కూడా నడుస్తుంది. దాంతో లైబ్రరీలు చేసేవాళ్లు రెండు రకాల ప్యాకెట్లు కట్టాల్సిన పని తప్పింది. ముందుగా పరీక్షించుకునే బీటాను మార్చిలోనే వదిలారు, అసలుది జూన్‌లో. సైపై 1.13, పాండాస్ 2.2.2 అప్పటికే సిద్ధం.

సిద్ధం కానిది మా డేటా కార్డు కంపెనీ. పేరు వద్దులెండి. వాళ్లిచ్చిన డ్రైవర్ లైబ్రరీ 1 సిరీస్ మీద కంపైల్ చేసింది. 2తో తెరిస్తే, ఇది పాత నమ్‌పై కోసం కట్టింది, దీంతో నడిపితే క్రాష్ కావచ్చు అని నమ్‌పైనే చెప్పి ఆపేస్తుంది. చెప్పి ఆపడం మంచిదే. నేను ఆ కంపెనీకి మెయిల్ పెడితే మూడు నెలలకు "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. లక్షా చిల్లర పెట్టి కొన్న కార్డుకి ఆ సర్వీసు, ఉచితంగా వచ్చిన లైబ్రరీకి ఈ సర్వీసు! చివరికి డేటా తీసుకోవడం పాత నమ్‌పైని విడిగా ఉంచిన ఒక ఎన్విరాన్‌మెంట్‌లో, లెక్కలు కొత్తదాంట్లో, మధ్యలో ఫైలు. సంసారం అలా గడుస్తోంది.

నచ్చినవి చెప్పాలంటే మా పనికి అన్నిటికన్నా పెద్దది ఎఫ్ఎఫ్‌టీ. అదురును ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క అదే, మా బతుకుతెరువు అదే. 2.0 ముందు 32 బిట్ల అంకెలు ఇచ్చినా నమ్‌పై ఎఫ్ఎఫ్‌టీ వాటిని 64 బిట్లకు మార్చుకునే లెక్క కట్టేది. ఇప్పుడు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తీసుకుంటుంది. మేం సెకనుకు 25,600 రీడింగులు తీస్తాం. ఎనిమిది సెన్సార్లు ఒక నిమిషం నడిపితే కోటీ ఇరవై రెండు లక్షల పైన అంకెలు. 64 బిట్లలో అవి దాదాపు 98 మెగాబైట్లు, 32లో 49. ఆఫీసు కంప్యూటర్‌కి అదొక లెక్క కాదు. సైటులో పంపు పక్కన, ఎండలో, అరచేయంత బోర్డు మీద నడిపేటప్పుడు మాత్రం లెక్కే. ఇంత మంచి సంగతి రిలీజ్ నోట్సులో ఎక్కడో మధ్యలో కూర్చుంది, నేను చూసుకోవడానికి రెండు నెలలు పట్టింది.

రెండోది విండోస్ సంగతి. మామూలు పూర్ణాంకం అంటే లైనక్స్‌లో 64 బిట్లు, విండోస్‌లో మాత్రం 32 ఉండేది. 3000ని వర్గం చేస్తే 90 లక్షలు. అలాంటివి 239 కూడితే 32 బిట్లు నిండిపోతాయి. సెకనుకు 25,600 తీసేవాళ్లకి 239 ఎంతసేపు? 2015లో ఇదే గోతిలో పడి, ఆఫీసులో ఒక జవాబు, కస్టమర్ దగ్గర ఇంకో జవాబు వస్తుంటే వారం రోజులు నిద్ర లేదు. 2.0లో విండోస్‌లోనూ 64 చేశారు. తొమ్మిదేళ్లు ఆలస్యమైనా, థాంక్స్.

చిన్న చిరాకు ఒకటి. అంకెల జాబితాను ప్రింట్ చేస్తే ఇప్పుడు ఒట్టి 4.2 రాదు, ఎన్‌పి డాట్ ఫ్లోట్64 అని ముందు చేర్చి బ్రాకెట్లో 4.2 వస్తుంది. అది చూడకుండా ఒక రిపోర్టు పంపేశాం. కస్టమర్ మేనేజరు ఫోన్ చేసి "మేడం, ఈ ఫ్లోట్ అంటే నీళ్ల ట్యాంకులో ఫ్లోటా?" అని అడిగాడు. అది పంపు ఫ్యాక్టరీ కాబట్టి ఆయన అనుమానం న్యాయమైనదే.

ఇక ఫిర్యాదు. ఇది నిజంగా నొప్పి ఉన్న చోటు.

మా పాత కస్టమర్ ఒకరి దగ్గర విండోస్ 7 కంప్యూటర్ ఉంది. దాని కార్డుకి కొత్త విండోస్‌లో డ్రైవర్ లేదు, కాబట్టి మార్చరు. విండోస్ 7లో నడిచే చివరి పైథాన్ 3.8. పైథాన్ 3.8తో నడిచే చివరి నమ్‌పై 1.24. అంతే, ఆ మిషన్ అక్కడే ఆగిపోయింది. పైథాన్‌వాళ్లు ఒక్కో వెర్షన్‌ను ఐదేళ్లు చూసుకుంటారు, 3.8ని 2024 అక్టోబరు దాకా చూశారు. నమ్‌పైవాళ్లు 2023 జూన్‌లో 1.25 వచ్చినప్పుడే దాన్ని వదిలేశారు. కన్నతల్లి ఇంట్లో ఉంచుకున్న పిల్లని పక్కింటివాళ్లు వెళ్లగొట్టినట్టు ఉంది.

దీనికీ ఒక లిఖిత రూలు ఉంది. మొదట నెప్ 29 అని పైథాన్ వెర్షన్‌కి 42 నెలలు ఇచ్చారు. తర్వాత సైన్సు లైబ్రరీలన్నీ కలిసి స్పెక్ 0 అని రాసుకున్నాయి. అందులో పైథాన్ వెర్షన్‌కి మూడేళ్లు, లైబ్రరీలు ఒకదాని మీద ఒకటి ఆధారపడేదానికి రెండేళ్లు. గడువు తగ్గింది. ఎందుకంటే పాత వెర్షన్లను మోస్తుంటే కొత్త పని ముందుకు సాగదు, చేసేవాళ్లు తక్కువ. 2.0లో 212 మంది చేతులు పడ్డాయి, 1078 మార్పులు కలిశాయి, 11 నెలలు పట్టింది. ఆ 212లో ఎక్కువమంది ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుంటూ ఖాళీ దొరికినప్పుడు ఒకటో రెండో సరిచేసేవాళ్లే ఉంటారని నా అంచనా, ఇలాంటి ప్రాజెక్టులన్నిటిలో జరిగేది అదే. అది నాకు తెలుసు. తెలిసినా ఈ గడువు యూనివర్సిటీలకీ ల్యాబులకీ కొలిచి కుట్టిన చొక్కాలా ఉంది. ఫ్యాక్టరీలో ఒక కంప్యూటర్ పదిహేనేళ్లు ఉంటుంది. పైథాన్ 2.7 పోయేటప్పుడు నమ్‌పై 1.16ని 2019 చివరి దాకా ప్రత్యేకంగా చూసుకున్నారు కదా, 1 సిరీస్‌లో చివరిదైన 1.26ని కూడా అలా ఇంకో రెండేళ్లు, కొత్తవి ఏమీ వద్దు, తప్పులు మాత్రం దిద్దుతూ చూసుకుంటే బాగుండేది. నా విండోస్ 7కి అప్పటికీ ఉపయోగం లేదు, కానీ నాలాంటి ఇంకొకరికి ఉండేది.

నన్ను అడిగితే ముందు వరసలో పెట్టాల్సింది ఇంకొకటుంది, ఖాళీ విలువలు. తీగ ఊడినప్పుడు ఆ సెకనుకి రీడింగ్ లేదు అని రాసుకోవడానికి పూర్ణాంకాల వరసలో చోటు లేదు. నాన్ అనేది దశాంశాలకే. దీని మీద 2011లోనే నెప్ 12 రాశారు, చాలా వాదన జరిగింది, ఇప్పటికీ వాయిదాలోనే ఉంది. ఏ విలువ లెక్కలోకి రాదో పక్కన ఇంకో వరసలో గుర్తుపెట్టుకునే మాస్క్ అనే పద్ధతి ఉంది, బరువైన పద్ధతి. మేమైతే -32768 వస్తే తీగ ఊడినట్టు అని మాలో మేం అనుకున్నాం. తమాషా ఏమిటంటే 16 బిట్లలో దాని మైనస్ తీసేయబోతే మళ్ళీ -32768యే వస్తుంది! కొత్తగా చేరినవాళ్లందరూ ఒకసారి ఇందులో పడతారు, మా ఆఫీసులో అది ఇంచుమించు ప్రవేశ పరీక్ష.

తర్వాత వచ్చిన 2.1, 2.2, 2.3లలో వాళ్ల దృష్టి ఎక్కువగా వేరే చోట్ల ఉంది. ఒకసారికి ఒక్క పనినే నడవనిచ్చే తాళం తీసేసిన కొత్త పైథాన్‌లో చాలా త్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాములోని పనులు, ఒకేసారి నడవడం, ఏ విలువ ఏ రకమో చెప్పే టైప్ గుర్తులు సరిచేయడం. పెద్ద కంపెనీలకి అవి కావాలి, ఒప్పుకుంటాను. నాకు మాత్రం వాటివల్ల మంచీ జరగలేదు, చెడూ జరగలేదు. ఆరు నెలలకొకటి అన్నారు, దాదాపు అలాగే వస్తున్నాయి. ఆ మాట మీద ఉండడం వల్ల మేం ఏటా సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి అప్‌గ్రేడ్ అని పెట్టుకున్నాం, మధ్యలో ముట్టుకోం.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా 2తోనే మొదలుపెట్టండి. పాత ప్రోగ్రాము ఉన్నవాళ్లు ముందు వార్నింగుల నోరు తెరవండి, తర్వాత రఫ్ నడపండి, 8 బిట్లు, 16 బిట్లు వాడిన ప్రతిచోటా ఆగి చేత్తో లెక్క చూసుకోండి. ఏ వెర్షన్ వాడుతున్నారో ఫైల్లో రాసిపెట్టండి. మా కర్నూలు కుర్రాడు ఇప్పుడు గోడ మీద కూడా రాసిపెట్టాడు, తెలుగులో, కన్నడలో.

ఆ విండోస్ 7 కంప్యూటర్ ఇంకా అక్కడే ఉంది. మొన్న ఆయుధ పూజకి వాళ్లు పిలిస్తే వెళ్లాను. లేత్‌లకీ కంప్రెసర్‌కీ బొట్లు పెడుతూ వచ్చి దాని మానిటరుకీ పసుపూ కుంకుమా పెట్టి, చామంతి దండ వేసి, ముందర బూడిద గుమ్మడికాయ కొట్టారు. మార్చుకుందామా సార్ అని అడిగాను. "నడుస్తోంది కదమ్మా" అన్నాడు ఓనరు, దండ కాస్త పక్కకు జరిపి పవర్ బటన్ నొక్కుతూ.